ఎవరి మీద? దేని కోసం?

ఆగస్టు పదిహేను వచ్చిందంటే మన ఆశ్రమ పాఠశాలల్లో ఒక పిల్లవాడికి తలపాగా చుట్టి, భుజాన బొమ్మ తుపాకీ తగిలించి కుమ్రం భీంను చేస్తాం. ఇంకొకడికి కాషాయపు పంచె కట్టి, చేతికి విల్లు ఇచ్చి అల్లూరి సీతారామరాజును చేస్తాం. ఇద్దరూ వేదిక మీదికి వచ్చి టీచరు రాసిచ్చిన నాలుగు వాక్యాలు అప్పజెప్తారు. "నేను దేశం కోసం ప్రాణాలిచ్చాను" అన్న వాక్యం అందులో తప్పకుండా ఉంటుంది. అందరం చప్పట్లు కొడతాం. ఆ వాక్యం రాసిచ్చిన టీచర్లలో మేమూ ఉన్నాం. కాబట్టి ఈ వ్యాసం ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు. మేం రాసిచ్చిన ఆ నాలుగు వాక్యాల్లోంచి ఏం జారిపోయిందో మాకు ఆలస్యంగా తెలిసింది. అది మీతో పంచుకోవడానికే.

జారిపోయింది భూమి. ఆ నాలుగు వాక్యాల్లో పట్టా అన్న మాట లేదు. పోడు లేదు. అడవి జవాను లేడు, పన్ను లేదు, షావుకారి చిట్టా లేదు. వీరుడు ఉన్నాడు, శత్రువు ఉన్నాడు, దేశం ఉంది. ఏ గొడవ మీద ఆ మనిషి తుపాకీ పట్టాడో ఆ గొడవ మాత్రం లేదు.

గతాన్ని జాతీయగర్వానికి తగినట్టు తిరగరాసేవాళ్లు ఎప్పుడూ అబద్ధాలే చెప్తారని మనం అనుకుంటాం. అది సగం నిజం. అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకు తరచుగా రాదు. రెండు ప్రశ్నల్లో ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే పని అయిపోతుంది. "ఎవరి మీద పోరాడారు?" అన్నది ఉంచుతారు. "దేని కోసం పోరాడారు?" అన్నది తీసేస్తారు. మొదటి ప్రశ్నకు జవాబు చనిపోయిన రాజుల దగ్గర, వెళ్లిపోయిన తెల్లవాళ్ల దగ్గర ఆగిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబు ఇవాళ్టి దాకా వస్తుంది. అందుకే అది ఇబ్బంది.

జోడేఘాట్ సంగతే తీసుకుందాం. నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేశారు. అప్పటిదాకా దున్నుకుంటున్న గోండు, కోలాం కుటుంబాలను వెళ్లగొట్టారు. గూడేలు తగలబెట్టారు. మంచి భూములకు బయటి నుంచి వచ్చినవాళ్ల పేరున పట్టాలు అయ్యాయి. బాబెఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల భూమి మీద హక్కు అడిగినందుకు 1940లో భీంను, ఆయన వెంట ఉన్నవాళ్లను పోలీసులు కాల్చి చంపారు. ఏ తేదీన అన్నదాని మీద పుస్తకాలు ఒక్కమాట మీద లేవు. మనవాళ్లు ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ వెళ్తారు. క్యాలెండర్ తప్పినా చంద్రుడు తప్పడు.

ఇప్పుడు ఈ కథను కొందరు ఎలా చెప్తున్నారో చూడండి. నిజాం ముస్లిం, భీం హిందువు, అది మతం కోసం జరిగిన పోరాటం అంటున్నారు. ఇంకొందరు భీంను తెలంగాణ విమోచనకు తొలి సైనికుడు అంటున్నారు. పాలించింది నిజాం, కాల్చింది ఆయన పోలీసులు అన్నది నిజమే. దాన్ని మేం దాచడం లేదు. కానీ గోండుల భూములు రాయించుకున్నవాళ్లలో, వడ్డీకి ధాన్యం కొలుచుకుపోయినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. పట్టా కాగితానికి మతం లేదు. అడవి జవాను లంచం అడిగేటప్పుడు దేవుడి పేరు అడగలేదు.

భీం చనిపోయాక జరిగింది ఈ రెండు కథల్లోనూ ఇమడదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వమే హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆ పండితుడు రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశస్థుడిగా హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్న ఆంక్షలో ఉన్నాడు. ఆయన మార్లవాయిలో ఉండి నివేదికలు రాశాడు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. అంటే భీంను చంపిన ప్రభుత్వమే, భీం అడిగినదాంట్లో కొంత ఇచ్చింది. దీనివల్ల నిజాం మంచివాడైపోడు. ఆ పట్టాలకు ముందు జోడేఘాట్‌లో రక్తం ఉంది. కానీ ఈ ముక్క తీసేసి కథ చెప్తే అది చరిత్ర కాదు.

ఇక 1948 సెప్టెంబర్ 17. ఆ రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు సమైక్యత అంటారు. 2022లో ఒకే రోజును కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మరో కొత్త పేరు పెట్టింది. పేరు కోసం ఇంత పెనుగులాట జరిగింది కదా, ఆ రోజు తర్వాత మార్లవాయి చుట్టుపక్కల ఏం జరిగిందని ఎవరైనా అడిగారా? రోడ్లు వచ్చాయి, వాటి వెంట వలసలు వచ్చాయి. గోండీ వాచకాలు మూలన పడ్డాయి. పట్టా ఉన్న భూములు కూడా అప్పుల కింద, కౌలు పేరు మీద చేతులు మారాయి. 1959 నిబంధన, దాని తర్వాత 1970లో 1/70 చట్టం ఎందుకు తేవలసి వచ్చింది? భూమి పోతోంది కాబట్టే. హైమెన్‌డార్ఫ్ ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి చూసి, తాను పట్టాలు ఇప్పించిన మనుషులే భూమి పోగొట్టుకున్నారని పుస్తకం రాశాడు. రాజు మారాడు, జెండా మారింది. "దేని కోసం" అన్న ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ప్రశ్నను పట్టుకునే 1981 ఏప్రిల్ 20న గోండులు ఇంద్రవెల్లికి బయలుదేరారు. భూమికి పట్టా, అడవి అధికారుల వేధింపుల నుంచి, షావుకార్ల దోపిడీ నుంచి విముక్తి, పంటకు ధర. జోడేఘాట్‌లో అడిగినవే. సభకు అనుమతి లేదన్నారు. పోలీసులు కాల్చారు. ప్రభుత్వ లెక్క పదమూడు మంది అంది. హక్కుల సంఘాలూ మన ఊళ్లూ అంతకు చాలా ఎక్కువ అన్నాయి. ఎర్ర స్తూపం కట్టుకుంటే కూలగొట్టారు. మళ్లీ కట్టినా, దశాబ్దాల పాటు ఆ రోజున దాని దగ్గరికి వెళ్లడానికే ఆంక్షలు ఉండేవి.

జోడేఘాట్, ఇంద్రవెల్లి రెండూ పాత ఆదిలాబాద్ జిల్లావే. మధ్య నలభై ఒక్క ఏళ్లు. అడిగినవాళ్లు ఒకే జాతి, అడిగింది ఒకే మాట, జవాబు ఒకే తుపాకీ. మరి మొదటిది పాఠ్యపుస్తకంలో వీరగాథ ఎందుకైంది, రెండోది ఇన్నాళ్లు శాంతిభద్రతల సమస్య ఎందుకైంది? మొదటిదాంట్లో కాల్చినవాడు మనవాడు కాదు అని చెప్పుకోవచ్చు. రెండోదాంట్లో చెప్పుకోలేం. పరాయి పాలకుడి చేతిలో చనిపోయిన ఆదివాసి ఈ దేశానికి కావాలి. స్వతంత్ర దేశాన్ని అదే ప్రశ్న అడిగి చనిపోయిన ఆదివాసిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు. మేం చెప్పదలచుకున్న మాట ఇదే.

తూర్పు కనుమల వైపు కూడా ఇదే కథ. రంపలో 1879లో తిరుగుబాటు ఎందుకు లేచింది? కల్లు మీద పన్ను వేశారు. దాన్ని వసూలు చేసి మన్యాన్ని పీడించినవాడు తెల్లదొర కాదు, రంప మన్సబుదారు. మైదానం షావుకార్లు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి పశువులు తోలుకుపోయారు. ఇద్దరికీ వెనకాల నిలబడింది కుంఫిణీ పోయాక వచ్చిన రాణి సర్కారు. కారం తమ్మన్న దొర లాంటివాళ్లు తిరగబడింది ఈ ముగ్గురి మీద. దీన్ని "తెల్లవాళ్ల మీద తిరుగుబాటు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, మూడింట రెండు వంతుల నేరం మాఫీ అయిపోతుంది.

1922లో మళ్లీ లేచింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి మన్యం మనుషులను పట్టుకుపోయి కూలి ఎగ్గొట్టారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెప్తే ఊళ్లు వణికేవి. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర పదవి పోయింది ఆ గొడవల్లోనే. ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకున్నవాళ్లలో ఎక్కువ మంది ఇలా దెబ్బ తిన్నవాళ్లే. సీతారామరాజు మైదానం నుంచి వచ్చి, వాళ్లతో కలిసి, వాళ్ల కోసం 1924 మే 7న ప్రాణం ఇచ్చాడు. ఆ త్యాగాన్ని మేం చిన్నది చేయం. ఆయన పేరు పాడేరు జిల్లాకు పెట్టడం మాకు కష్టంగా లేదు. కానీ గంటం దొర విగ్రహాలు ఎన్ని? అండమాన్ జైలుకు పోయి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లు దొర గురించి మన పదో తరగతి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఒక వీరుడు మన్యాన్ని మేల్కొలిపాడని చెప్పడం వేరు. మేల్కొనే ఉన్న మన్యం ఒక వీరుణ్ణి తనలో కలుపుకుందని చెప్పడం వేరు. మొదటి కథలో మనం గుంపు. రెండో కథలో మనం మనుషులం.

2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ సినిమా తర్వాత పిల్లలు అడిగే ప్రశ్న మీకూ తెలుసు. "సార్, భీం, రాజు నిజంగా స్నేహితులా?" అది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. సినిమాకు కల్పించుకునే హక్కు ఉంది. కానీ చివర్లో భీం తనకు చదువు కావాలని రాజును అడుగుతాడు. సాహు, అల్లం రాజయ్యల నవలతో సహా మన ప్రాంతంలో చెప్పుకునే కథల్లో భీం ఊరు విడిచి తిరిగిన రోజుల్లోనే చదవడం రాయడం నేర్చుకున్నాడు, దరఖాస్తులు పెట్టాడు. అక్షరం కోసం చెయ్యి చాచే భీం మన భీం కాదు. ఈ తేడా చెప్పవలసింది సినిమా కాదు, తరగతి గది.

గతాన్ని గొప్ప చేసుకునే పని దేశమే కాదు, ప్రాంతం కూడా చేస్తుంది. కాకతీయుల చెరువులు, తోరణాలు చూసి తెలుగువాళ్లందరం గర్వపడతాం. పడదాం, తప్పు లేదు. కానీ మేడారం కథ ఏమంటుంది? కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందంటుంది. పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరిగారు. జంపన్న వాగులో కలిశాడు. సమ్మక్క గాయాలతో చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణెగా మిగిలింది. ఇది శాసనంలో చెక్కిన మాట కాదు, నోటి మాట. రాజు చెక్కించిన శాసనంలో చంపబడినవాళ్ల మాట ఉండదు కదా. ఆ కథలో శత్రువు పరాయి దేశంవాడు కాదు, మనం గర్వపడే రాజే. ఇప్పుడు కొందరు సమ్మక్కను ఏదో దేవత అవతారం అంటున్నారు. గద్దె మీద విగ్రహం లేకపోవడాన్ని లోటుగా చూస్తున్నారు. అమ్మను ఆకాశంలోకి ఎత్తేస్తే, ఆమె కప్పం కట్టనన్న మాట నేల మీద ఎవరికీ వినబడదు.

"మిమ్మల్ని దేశభక్తులని పొగుడుతుంటే బాధేమిటి?" అని మమ్మల్ని అడిగినవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేం ఈ దేశం బయట నిలబడి మాట్లాడటం లేదు. మల్లు దొర పార్లమెంటులో కూర్చున్నాడు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మనల్ని ఆదివాసులనే పిలవమని పట్టుబట్టాడు. ఆ మాటలో మనం ఈ నేలకు మొదటివాళ్లం అన్న అర్థం ఉంది. ఇవాళ దాని స్థానంలో వనవాసి అన్న మాట వాడుతున్నారు. అడవిలో ఉండేవాడు అని మాత్రమే దాని అర్థం. అడవి నుంచి ఖాళీ చేయిస్తే ఆ పేరు కూడా పోతుంది. పొగడ్త మాకు బరువు కాదు. పొగడ్తకు బదులు ప్రశ్న వదులుకోమంటే బరువు. జార్ఖండ్‌లో బిర్సా ముండా విగ్రహానికి దండ వేసిన ప్రభుత్వమే, ఆయన పోరాటం తర్వాత వచ్చిన 1908 ఛోటానాగపూర్ కౌలు చట్టాన్ని 2016లో సవరించబోయింది. జనం రోడ్ల మీదికి వచ్చారు. 2017లో గవర్నర్ ఆ బిల్లును తిప్పి పంపారు. దండ వేసిన చెయ్యీ, చట్టం మీద పడిన చెయ్యీ ఒకటే. బిర్సా "దేని కోసం" అన్నది మరిచిపోలేదు కాబట్టే అక్కడివాళ్లు దాన్ని ఆపగలిగారు.

ఇప్పుడు మన వంతు. చరిత్రను తిరగరాయకూడదని మనం అనలేం. మన పేర్లు లేని చరిత్రను తిరగరాయమనే కదా మన పోరాటం! తిరగరాయడం తప్పు కాదు. కొత్త ఆధారం దొరికితే తిరగరాయాలి. వినని నోరు విప్పితే తిరగరాయాలి. తప్పు ఎక్కడంటే, ముందు జవాబు రాసుకుని తర్వాత దానికి సరిపడే గతాన్ని ఏరుకోవడంలో. రెండింటికీ తేడా పట్టుకోవడానికి మాకు ఒక్క కొలత దొరికింది. చెప్పేవాడు తనకు ఇబ్బందైన నిజాన్ని కథలో ఉంచాడా, తీసేశాడా?

ఆ కొలత ముందు మన మీదే పెట్టుకుందాం. గోండు రాజ్యాలను స్వర్ణయుగంగా రాసేటప్పుడు, ఆ రాజులకూ పన్ను కట్టిన రైతులు ఉన్నారని రాస్తున్నామా? మన్యంలో ముఠాదారులు మనవాళ్లే, వసూళ్లు చేసినవాళ్లూ వాళ్లే అని చెప్తున్నామా? భీం జాడ పోలీసులకు చెప్పినవాడు మనలోనివాడే అన్న మాటను పాఠంలో పెడుతున్నామా? నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన అనుచరులను మర్రికి ఉరి తీశారు. జనం దాన్ని వెయ్యి ఉరుల మర్రి అన్నారు. అది జనం దుఃఖానికి పెట్టుకున్న పేరు. దాన్ని లెక్కల పుస్తకంలో అంకెగా రాస్తే, రేపు ఎవరో ఆ ఒక్క అంకెను కొట్టేసి మొత్తం కథే అబద్ధం అంటారు. పేరును పేరుగా చెప్దాం, లెక్కను లెక్కగా చెప్దాం. రాంజీ పక్కన రోహిల్లాలు కూడా నిలబడి పోరాడారన్నది దాచకుండా చెప్దాం. మతం పేరుతో కథ తిప్పేవాళ్లకు అంతకు మించిన జవాబు లేదు.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఆ చట్టం నియమాల్లో హక్కుకు ఆధారాలుగా చూపదగినవాటిలో పెద్దల వాంగ్మూలం కూడా ఉంది. అంటే మీ తాత "ఈ చేను మా నాయన కొట్టిన పోడు, ఆ చింతచెట్టు కింద మా పాత గూడెం ఉండేది" అని చెప్తే, దాన్ని రాసి గ్రామసభ ముందు పెట్టవచ్చు. తాత జ్ఞాపకం చట్టం ముందు సాక్ష్యం. ఆ జ్ఞాపకంలోంచి భూమిని తీసేసి వీరుణ్ణి మాత్రమే మిగిల్చామంటే, పిల్లవాడికి విగ్రహం మిగులుతుంది, చేను మిగలదు.

చనిపోయినవాడు లేచి వచ్చి "నేను అలా అనలేదు" అని చెప్పలేడు. ఆయన మాటకు కావలి బతికున్నవాళ్లమే. ఆయన పోరాటాన్ని తీసుకెళ్లి ఆయన ఎరగని గొడవకు కట్టేయడం, చేను కావలి మనిషి పడుకున్నాక గట్టు జరపడం లాంటిది.

టీచర్లకు మా విన్నపం చిన్నది. ఏ వీరుడి పాఠం చెప్పినా పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించండి. ఆయన ఏం అడిగాడు? ఎవరెవరు ఇవ్వనన్నారు? అది ఇప్పుడు దొరికిందా? తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఫోను పక్కన పెట్టి ఒక సాయంత్రం అవ్వ దగ్గర కూర్చోండి. ఊరు ఎన్నిసార్లు కదిలిందో, ఎందుకు కదిలిందో అడగండి. ఆమె చెప్పింది ఆమె భాషలోనే రాసుకోండి. తేదీ తెలియకపోతే ఏ పండగ ముందో, ఏ కరువు తర్వాతో రాసుకోండి. మీకు నచ్చని ముక్క వచ్చినా కొట్టేయకండి.

వచ్చే ఆగస్టు పదిహేనుకు మేం నాలుగు వాక్యాలు మార్చి రాశాం. "నేను కుమ్రం భీంను. జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ల భూమి మీద మా హక్కు అడిగాను. దరఖాస్తు పెడితే వినలేదు, అందుకే తుపాకీ పట్టాను. మీ ఇంటి పోడుకు పట్టా వచ్చిందా?"

చివరి వాక్యం అయ్యాక చప్పట్లు కొట్టేముందు ఒక్క క్షణం అందరూ ఆలోచిస్తారని మా ఆశ.